ఫిరంగుల బాటపై సైకిళ్లు

ఇటలీ దేశమునకు వాయవ్యమున, ఫ్రాన్సు పొలిమేర వెంట, పీడ్‌మాంట్ సీమలో పశ్చిమ ఆల్ప్స్ పర్వతముల నడుమ రెండు లోయలు ప్రక్కప్రక్కనే యున్నవి. ఉత్తరపు లోయలో దోరా రిపారియా యేరు పాఱుచు సూజా పట్టణము మీదుగా టూరిన్ మైదానమునకు దిగును. దక్షిణపు లోయలో కిసోనె యేరు ప్రవహించును. ఈ రెంటిని వేరుచేయుచు నిలిచిన పర్వతపంక్తి వెన్నుమీద, ఊరు గాని, గుడి గాని, దున్నిన చేను గాని లేని చోట, ఒక మట్టిరోడ్డు కనుమ తరువాత కనుమను దాటుచు, సుమారు 35 కిలోమీటర్ల పొడవున, దాదాపు అంతటను సముద్రమట్టమునకు 2000 మీటర్ల పైయెత్తున సాగిపోవుచున్నది. మన ఆంధ్రదేశపు తూర్పు కనుమలలో 1700 మీటర్లు దాటిన శిఖరమే లేదని తలచుకొన్నచో ఆ యెత్తు ఎట్టిదో పాఠకులు ఊహించుకొనగలరు. దీనిని అస్సియెత్తా రోడ్డు అందురు. సూజానుండి ఎక్కివచ్చు ఫినెస్త్రె కనుమ దారి దీని తూర్పు కొసను కలియును. పడమటి కొస సెస్త్రియెరె అను మంచుక్రీడల పట్టణమున ముగియును.

వేసవి వచ్చినదనగా ఐరోపా నలుమూలలనుండి ఈ రోడ్డు మీదికి సైకిళ్లు వచ్చుచున్నవి. ఇవి తారురోడ్డుపై పరుగెత్తు పందెపు సైకిళ్లు కావు. బండలపైనుండి దూకించు మౌంటెన్ సైకిళ్లును కావు. ఈ రెంటికి నడిమి జాతికి చెందిన గ్రావెల్ సైకిళ్లు. తారు తగులని కంకరబాటలను వెదకికొని పోవుట వీనిని త్రొక్కువారికి గొప్ప వ్యసనము. అట్టి బాటలలో అస్సియెత్తాకు సాటివచ్చునవి ఐరోపాలో బహుస్వల్పము. అయితే ఇంత యెత్తున, జనావాసము లేని ఈ గట్టుమీద, అసలు రోడ్డెందుకు పుట్టినది? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసిననే గాని ఆ దారి త్రొక్కుటలోని కష్టమునకును సౌఖ్యమునకును గల కారణము బోధపడదు. దీనిని వేసినది యాత్రికుల కొఱకు కాదు, వర్తకుల కొఱకు కాదు, ఫిరంగుల కొఱకు.

పూర్వము ఈ లోయల పైభాగములు, అనగా ఉల్క్స్, చెజానా, బర్దొనెక్కియా, ప్రజెలాతొ మొదలగు గ్రామములు, ఫ్రాన్సు రాజు ఏలుబడిలో నుండెడివి. 1713లో జరిగిన ఉట్రెక్ట్ సంధిచేత అవి సవాయ్ రాజవంశమునకు సంక్రమించినవి. నాటినుండి ఈ కొండల యంచే రెండు రాజ్యములకు పొలిమేర యైనది. పొలిమేర యన్నచోట కోట తప్పదు. సూజా లోయలో ఎక్సిల్ కోట, కిసోనె లోయలో ఫెనెస్త్రెల్లె కోట దారికి కాపుండినవి. రెండవదాని నిర్మాణము 1728లో ఆరంభమై 1850 వరకు సాగెను. కొండపాదమునుండి పైబురుజువరకు 600 మీటర్లకు మించిన యెత్తును, ఎండవానలు సోకకుండ కప్పు వేసిన మెట్లదారితో, దాదాపు 4000 మెట్లతో కలిపిన యా కట్టడమును చూచినప్పుడు, ఒక సన్నని లోయను కాపాడుకొనుటకై రాజులు ఎంతటి ధనమును, ఎన్ని తరముల శ్రమను వెచ్చించిరో తెలియవచ్చును.

ఈ రెండు కోటలను వేర్వేరుగా ముట్టడించుట కంటె, వీని నడుమనున్న గట్టును పట్టుకొన్నచో రెండును చేజిక్కునని 1747లో ఫ్రెంచి సేనానియైన షెవలియె ద బెలీల్ తలచెను. ఆస్ట్రియా రాజ్య వారసత్వమునకై ఐరోపా యంతయు పోరాడుచున్న కాలమది. పీడ్‌మాంట్ సైనికులును వారికి తోడైన ఆస్ట్రియా దళములును అస్సియెత్తా గట్టుపై రాళ్లతో గోడలు పేర్చుకొని కాచియుండిరి. జూలై 19వ తేదీన తమకంటె చాల పెద్దదియైన ఫ్రెంచి సేన ఆ వాలును ఎగబ్రాకుచు వచ్చి పడగా, పైనుండి తుపాకులతోను, గుండ్లు చాలనిచోట రాళ్లతోను వారిని త్రిప్పికొట్టిరి. స్వయముగా జెండా చేతబట్టి గోడమీదికి ఎక్కిన బెలీల్ అక్కడనే నేలకొరిగెను. కొద్ది గంటలలో ఫ్రెంచివారు వేలసంఖ్యలో హతులును క్షతగాత్రులును అయిరి. నేటికిని ప్రతి జూలై మాసమున పీడ్‌మాంట్ వారు ఆ కనుమపై కూడి, నాటి వేషములు ధరించి, ఆ విజయమును స్మరించుకొందురు. ఆ దినమున ఆయాసపడుచు పైకి చేరిన సైకిలిస్టునకు డోళ్ల మ్రోతయు, నీలికోటుల వరుసలును స్వాగతమిచ్చును.

అయితే ఆ యుద్ధమునాటికి అక్కడ కాలిబాటలే గాని బండ్లదారి లేదు. నేటి రోడ్డు 19వ శతాబ్దపు చివరి దశాబ్దముల సృష్టి. 1882లో ఇటలీ జర్మనీతోను ఆస్ట్రియా-హంగరీతోను చేయి కలిపి ఫ్రాన్సునకు ఎదురుగా నిలిచిన పిమ్మట, ఈ పొలిమేర శిఖరములన్నిటిపైనను బురుజులు, సైనికుల బసలు వెలసినవి. వానినన్నిటిని కలుపుచు దండుబాటలు పుట్టినవి. దండుబాటను గీయు ఇంజనీరు చూచుకొనవలసినది ఒక్కటే: బరువైన ఫిరంగిని లాగు కంచరగాడిద ఎచ్చటను కాలు నిలువక వెనుకకు జాఱకూడదు. అందుచేత నిట్టనిలువు కొండమీదనైనను వాలును ఏకరీతిగా ఉంచి, ఎక్కలేని చోట మలుపులు త్రిప్పి, మలుపు దగ్గఱ ఫిరంగిబండి తిరుగుటకు చాలినంత వెడల్పు ఉంచి, దిగువప్రక్కన రాతిగోడ కట్టి, ఎగువప్రక్కన నీరు పోవుటకు తూములు పెట్టిరి. పసులకాపరుల నడకచే పుట్టిన బాట ఒకచోట చదునై, మఱుచోట నిలువై, త్రొక్కువాని ఊపిరిని చిందరవందర చేయును. దండుబాట అట్లు చేయదు. ఒకసారి కాళ్లకు ఆ లయ పట్టుబడినదా, గంటలకొలది అదే లయతో సాగిపోవచ్చును. నూఱేండ్లకు మునుపటి కంచరగాడిద కొఱకు కొలిచిన వాలు నేటి మనుష్యుని మోకాలికి ఇంత చక్కగా సరిపోవుట చరిత్రలోని గొప్ప యోగములలో ఒకటిగా నేను భావింతును.

ఇక సైకిలు మాట. దూరమునుండి చూచినవారికి గ్రావెల్ సైకిలు పందెపు సైకిలు వలెనే యుండును. హ్యాండిలు కొసలు పొట్టేలి కొమ్ములవలె క్రిందికి వంగియుండును. దగ్గఱకు పోయి చూడగా టైర్లు మఱింత లావుగా, 40 మిల్లీమీటర్లకు అటునిటుగా, కొన్నిట 50 వరకును, పైన చిన్న చిన్న బొడిపెలతో కనబడును. తారుపై పోవు టైరులో గాలి బిఱ్ఱుగా నింపవలెను. కంకరపై అట్లు నింపినచో ప్రతి గులకరాయియు చక్రమును ఎగురవేయును, చేతులు మొద్దుబాఱును, పట్టు తప్పును. గాలి తగ్గించినప్పుడు టైరు రాతిపై పఱచుకొని దానిని తనలో ఇముడ్చుకొని ముందుకు దొర్లును. తగ్గించిన గాలితో ట్యూబు రెండుచోట్ల నలిగి చిరుగు ప్రమాదము గలదు గనుక, ఇప్పుడు చాలమంది ట్యూబు లేని టైర్లే వాడుచున్నారు. లోపల పోసిన రబ్బరు ద్రవము ముల్లు గ్రుచ్చుకొన్న రంధ్రమును క్షణములలో తానే పూడ్చివేయును. డిస్కు బ్రేకులు, మిక్కిలి తేలిక గేర్లు, సామాను సంచులు కట్టుకొనుటకు చట్రమంతట మఱలు, ఇవి తక్కిన హంగులు. అమెరికాలోని కాన్సాస్ వంటి మైదానపు రాష్ట్రములలో పొలముల మధ్య కంకరరోడ్లపై సాగిన దీర్ఘమైన పోటీలవలన ఈ సైకిలు ప్రసిద్ధి కెక్కినది. 2022లో దీనికి మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్పు ఇటలీలోని వెనెతో సీమలోనే జరిగినది.

సూజా పట్టణము సుమారు 500 మీటర్ల యెత్తున నున్నది. క్రీస్తుకు పూర్వము 9వ సంవత్సర ప్రాంతమున రోము చక్రవర్తి అగస్టసు గౌరవార్థము నిలిపిన రాతితోరణము ఇంకను అక్కడ చెక్కుచెదరక యున్నది. ఊరు దాటి మెయానా గ్రామము వైపు మఱలినంతనే ఎక్కుడు మొదలగును; మొదలగుటయే తీవ్రముగా మొదలగును. అక్కడనుండి కనుమవఱకు 18 కిలోమీటర్ల పైచిలుకు దూరములో ఇంచుమించు 1700 మీటర్లు ఎక్కవలెను. అనగా ప్రతి 100 మీటర్ల నడకకు 9 మీటర్లకు పైగా ఎత్తు. తొలిభాగము సన్నని తారుదారి. చెట్ల నీడలో మలుపు వెంట మలుపు, తలయెత్తినచో తాను మఱికొంత సేపటికి చేరబోవు మలుపే నెత్తిపైన కనబడుచుండును. నీడ సుఖమే గాని, చుట్టును చెట్లే కనుక ఎంత దూరము వచ్చితిమో తెలియదు.

కడపటి 8 కిలోమీటర్లలో తారు అంతరించును. అంతవఱకు కాళ్లకే పరిమితమైన పని యిపుడు ఒడలంతటికి వ్యాపించును. పెడలుపై లేచి నిలిచి బలముగా త్రొక్కుట తారుపై అలవాటైనవాడు ఇక్కడను అట్లే లేచినచో, వెనుకచక్రముపై బరువు తగ్గి, అది వదులు కంకరలో గిఱ్ఱున తిరిగి, సైకిలు ఉన్నచోటనే నిలిచిపోవును. కావున సీటు ముందుకొసకు జరిగి కూర్చుండి, మోచేతులు వంచి, ఛాతీని హ్యాండిలు వైపు దింపి, రెండు చక్రములపైనను బరువును సమముగా పంచవలెను. మలుపుల దగ్గఱ లోపలి అంచున వాలు అధికము, రాళ్లును అక్కడనే చేరును. వెలుపలి అంచున దూరము కొంచెమెక్కువ గాని నేల గట్టిగా నుండును. మోటారుబండ్ల చక్రములు త్రొక్కి గట్టిపఱచిన రెండు సన్నని గాడులలో ఒకదానిని పట్టుకొని పోవుట ఉత్తమము. అడవి క్రమముగా పలుచబడి, చెట్లు మరుగుజ్జులై, పిమ్మట పచ్చిక మాత్రమే మిగులును. అప్పుడు వెనుదిరిగి చూచినచో లోయ కావలిదరిని 3538 మీటర్ల రొచ్చమెలోనె శిఖరము పాదమునుండి కొనవఱకు ఒక్కసారిగా కనబడును. 2178 మీటర్ల కనుమకు చేరుటకు మంచి అభ్యాసము గలవారికి రెండు గంటలు పట్టును. ప్రపంచ ప్రసిద్ధులైన పందెగాండ్రు దాదాపు గంటలో చేరుదురు.

ఈ కనుమ ప్రపంచమునకు తెలిసినది ఆ పందెగాండ్ర వలననే. ఇటలీ దేశమంతయు చుట్టివచ్చు ‘జీరో ది ఇతాలియా’ సైకిలు పందెము 2005లో మొదటిసారిగా ఈ మట్టిదారిని ఎక్కినది. తారురోడ్డు సైకిళ్లతో ఈ కంకర ఎట్లెక్కుదురని ఆనాడు సందేహించిన వారెందఱో! వెనెజులా దేశపు పొట్టి కొండవీరుడు హోసె రుహానో ఆనాటి దౌడు గెలిచెను. అయితే ఈ కొండ మహిమను పూర్తిగా చూపినవి రెండు సంవత్సరములు. 2018 మే 25న ఇంగ్లీషు యువకుడు సైమన్ యేట్స్ గులాబిరంగు చొక్కా, అనగా మొదటి స్థానపు చిహ్నము, ధరించి ఈ కొండ పాదమునకు వచ్చెను. పందెము ముగియుటకు మిగిలినది రెండు దినములే. ఎక్కుడు మొదలైన కొంతసేపటికే అతని శక్తి పూర్తిగా ఉడిగిపోయెను. గమ్యము చేరునప్పటికి 38 నిమిషములకు పైగా వెనుకబడెను. అదే కొండపై, గమ్యమింకను 80 కిలోమీటర్లు ఉండగానే, మఱియొక పందెగాడు క్రిస్ ఫ్రూమ్ అందఱిని విడిచి ఒంటరిగా దూసికొనిపోయి, అన్ని కనుమలను దాటి బర్దొనెక్కియాలో గెలిచి, ఆ మొత్తము పందెమునే హస్తగతము చేసికొనెను.

ఏడేండ్లు గడచినవి. 2025 మే 31న, పందెము ముగింపునకు ముందునాడు, మరల అదే కొండ. యేట్స్ ఈసారి మూడవ స్థానమున నుండెను. మొదటి రెండు స్థానములలోని మెక్సికో యువకుడు ఇసాక్ దెల్ తోరోయు, ఈక్వడార్ వాడు రిచర్డ్ కరపాసును ఒకరినొకరు కనిపెట్టుకొనుటలో మునిగియుండగా, యేట్స్ ఎక్కుట ప్రారంభించి తగ్గక, వెనుదిరుగక, ఆ మట్టిదారిలో వారికి అంతకంతకు దూరమై, సెస్త్రియెరె చేరునప్పటికి గులాబి చొక్కా తనదిగా చేసికొనెను. మఱునాడు రోము నగరమున అతడే విజేత. సర్వమును పోగొట్టుకొన్న చోటనే సర్వమును గెలుచుకొనుట క్రీడాచరిత్రలో అరుదుగా జరుగు సంగతి. నేడు సామాన్య సైకిలిస్టులు కనుమ దరిదాపులలో దిగి, ఇక్కడనే యేట్స్ ఓడినాడు, ఇక్కడనే గెలిచినాడు అని ఒకరికొకరు చూపుకొనుటలో నాకు ఆశ్చర్యము తోచదు.

ఫినెస్త్రె కనుమనుండి ఆవలి వైపు తారుపై కొంత దిగి, సుమారు 1900 మీటర్ల యెత్తున పియాన్ దెల్ ఆల్పె అను పచ్చికబయళ్ల దగ్గఱ కుడివైపు తిరిగినచో అస్సియెత్తా రోడ్డు మొదలగును. ఇక్కడనుండి 600 మీటర్ల పైని ఎక్కుడు గలదు గాని, ఇది ఫినెస్త్రె వలె నిర్దయ కాదు. 2470 మీటర్ల పైయెత్తున అస్సియెత్తా కనుమ, పిదప ఇంచుమించు 2500 మీటర్ల లాసోన్ కనుమ, ఆ పిదప బ్లెజియె, కోస్తా పియానా, బూర్జె, బాస్సె అను కనుమలు వరుసగా వచ్చును. దారి ఒకప్పుడు గట్టునకు ఉత్తరముగాను, ఒకప్పుడు దక్షిణముగాను మఱలుచు పోవుటచే, ఒక మైలు సూజా లోయయు మఱియొక మైలు కిసోనె లోయయు చక్రముల క్రింద అగాధముగా కనబడుచుండును. ఎండలోనికి వచ్చిన మార్మట్ అను కొండజంతువులు మనుష్యుని చూచి ఈలవేసి బొరియలలో దూరును.

కోస్తా పియానా కనుమకు మఱియొక స్మృతి గలదు. తమ మతవిశ్వాసము కారణముగా పీడ్‌మాంట్ నుండి వెళ్లగొట్టబడి స్విట్జర్లాండులో తలదాచుకొన్న వాల్డెన్సియన్ క్రైస్తవులు సుమారు వేయిమంది, 1689లో ఆయుధములు ధరించి, ఆన్రీ ఆర్నో అను మతగురువు నాయకత్వమున పర్వతములు దాటి స్వగ్రామములకు తిరిగివచ్చిరి. సాల్బెర్‌త్రాన్ వంతెన దగ్గఱ ఫ్రెంచి సైనికులతో రాత్రివేళ పోరాడి గెలిచి, అలసటచే అడుగు తీసి అడుగు వేయలేని స్థితిలో ఈ కనుమను ఎక్కి కిసోనె లోయలో దిగిరి. సొంత ఊరిపై మమకారమున కొండ లెక్కిన ఆ మనుష్యుల ముందు, వినోదమునకై ఎక్కువారి ఆయాసము స్వల్పమని చెప్పక తప్పదు.

వేసవి నాలుగు మాసములు ఈ పచ్చికలు పశువులవి. లోయలలోని కాపరులు ఆవులను, గొఱ్ఱెలను ఇక్కడికి తోలుకొనివచ్చి ఇక్కడనే యుందురు. జూన్ మాసమున కొండవాలుపై వయొలెట్ పూలు పూచు దినములలో మేసిన ఆవుల పాలతో కిసోనె లోయవారు చేయు ప్లెజాంతీఫ్ అను జున్ను మిక్కిలి పేరుపొందినది. కాపరుల బ్రతుకులో ఈ ముప్పదియేండ్లలో ఒక మార్పు వచ్చినది. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లకు ఆల్ప్స్ పర్వతములనుండి అంతరించిన తోడేళ్లు 1990లలో అపెనైన్ పర్వతములనుండి తమంతట తాము తిరిగివచ్చి ఇక్కడ కాపురము పెట్టినవి. అందుచే మందలకు తెల్లని బొచ్చుగల పెద్ద కావలికుక్కలను కాపుంచుచున్నారు. మలుపు తిరుగునప్పటికి దారికడ్డముగా గొఱ్ఱెల మంద, దానినుండి విడివడి మొఱుగుచు ముందునకు వచ్చు కుక్క కనబడినప్పుడు చేయవలసిన పని ఈ దారి తెలిసినవారు స్పష్టముగా చెప్పుదురు. వెంటనే దిగవలెను. సైకిలును తనకును కుక్కకును నడుమ ఉంచుకొనవలెను. కేకలు వేయక, రాయి ఎత్తక, దాని కన్నులలోనికి చూడక, మందను చీల్చుకొని పోక, దూరముగా చుట్టి మెల్లగా నడచిపోవలెను. వేగముగా దొర్లిపోవు వస్తువును తరుముట ఆ కుక్క స్వభావము. నడచిపోవు మనుష్యుని అది వాసన చూచి విడిచిపెట్టును. ఆ కొండ మందది, మనము అతిథులమన్న గ్రహింపు సైకిలిస్టునకు ఉన్నప్పుడు చిక్కులు రావు.

గట్టునకు ఉత్తరపు వాలున సాల్బెర్‌త్రాన్ మహారణ్యమను రక్షితవనము గలదు. టూరిన్ ఆయుధాగారమునకును, సూపెర్గా కొండపై వెలసిన చర్చికిని కావలసిన పొడవైన దూలములు ఒకప్పుడు ఈ అడవినుండియే పోయినవి. 1980లో దీనిని ప్రకృతి ఉద్యానముగా ప్రకటించిరి.

ఈ దారిపై మోటారుబండ్లకును హక్కు గలదు. అవి ఒకటి రెండైనను లేపు ధూళి వెనుకవచ్చు సైకిలిస్టు ముక్కునోళ్లను నింపివేయును. కావున జూలై, ఆగస్టు మాసములలో బుధ, శనివారములందు పగటివేళ అస్సియెత్తా రోడ్డుపై మోటారుబండ్లను నిషేధించు ఆచారము ఏండ్లుగా నడచుచున్నది. ఆ యేటి ఉత్తరువును చూచుకొని బయలుదేరుట మేలు. నిషేధమున్న దినముననే ఈ దారి నిజస్వరూపము తెలియునని నా దృఢాభిప్రాయము. ఈ బాటలకు తారు వేసినచో బాగుండునను మాట అప్పుడప్పుడు వినబడుచుండును. తారు వేయుట సులభము. పిమ్మట ఇక్కడికి వచ్చునది వేగము, దాని వెనుక రద్దీ. ప్రతి సంవత్సరమును మంచు కరగిన పిదప కూలిన రాళ్లను తొలగించి, తూములను శుభ్రపఱచి, గండ్లు పూడ్చి ఈ మట్టిదారిని మరల తెఱచుటకు వెచ్చించు శ్రమయే దీనికి తగిన సంరక్షణ. మట్టిని మట్టిగా నిలుపుకొనుట నిర్లక్ష్యము కాదు, ఎన్నుకొన్న మార్గము. ఇక్కడి ప్రజలు దానిని వదలుకొనరాదని మనసార కోరుచున్నాను.

దారి సాధారణముగా జూన్ మాసమున తెఱచి, శరత్తు చివర మంచు పడగానే మూయుదురు. జూలై, ఆగస్టులలో మధ్యాహ్నము దాటగానే మేఘములు క్రమ్మి పిడుగులు పడుట సామాన్యము. గట్టుపై దాగుటకు చెట్టైనను ఉండదు గనుక తెల్లవాఱకమునుపే సూజా విడిచి, నడిపొద్దునకు గట్టు సగము దాటవలెను. అస్సియెత్తా కనుమ సమీపమున ఒక విడిదియిల్లు తప్ప నీరు, అన్నము దొరకు తావులు తక్కువ. ఎండలో ఎక్కినవాడు చెమటతో తడిసియుండును, దిగునప్పుడు గాలి కోయును; సంచిలో చలికోటు లేనివాడు బాస్సె కనుమనుండి సెస్త్రియెరె చేరులోపల వణకుచు బ్రేకులపై వేళ్లు నిలుపలేక బాధపడును.

బలము మిగిలినవారికి, మఱునాడు బర్దొనెక్కియానుండి రొష్మోల్ గ్రామము మీదుగా సొమ్మెయె కనుమకు పోవు దారి కలదు. అది దాదాపు 3000 మీటర్లకు చేరును. ఐరోపాలో చక్రము పోగల అత్యున్నత స్థలములలో నొకటి. 1871లో తెఱచిన ఫ్రెజ్యూస్ రైలు సొరంగమును త్రవ్వించిన ఇంజనీరులలో ముఖ్యుడై, అది తెఱచుటకు కొన్ని వారముల ముందే మరణించిన జెర్మాఁ సొమ్మెయె పేరు దానికి పెట్టిరి. ఒకప్పుడు అక్కడి హిమానీనదముపై నడివేసవిలోను జనులు మంచుమీద జాఱుటకు వచ్చెడివారు. ఇప్పుడు ఆ మంచు కరగి వెనుకకు పోయి బూడిదవన్నె రాళ్లు బయటపడినవి. ఆ దారి అస్సియెత్తా కంటె గరుకు, పైభాగము రాళ్లమయము, లావు టైర్లు లేనివారు నడువవలసియుండును.

అంత శక్తి మిగులనివారు సెస్త్రియెరెనుండి చెజానా మీదుగా తారురోడ్డున ఉల్క్స్ వఱకు దిగవచ్చును. దిగుట గంటకు లోపే. అక్కడినుండి సూజాకు ఎక్సిల్ కోట క్రిందుగా పల్లపు దారి పోవుచున్నది. కాళ్లు ఆడనివారికి ఉల్క్స్‌లో రైల్వేస్టేషను గలదు. టూరిన్ పోవు లోకల్ రైళ్లలో సైకిళ్లను ఎక్కనిత్తురు.